నల్లా కాడి సముద్రం

వరంగల్‌కు సముద్రాన్ని తెచ్చింది నేనే. ఎడ్లబండి మీద తెచ్చాను, ఒంటిచేత్తో దించాను. ఈ మాట వినగానే కొందరు నవ్వుతారు, కొందరు తువ్వాల దులుపుకుని లేచిపోతారు. కూర్చున్నవాళ్ల కోసం చెబుతున్నాను.

మా ఇల్లు ధర్మసాగర్‌లో, రిజర్వాయర్ కట్ట దిగగానే ఉంటుంది. ముందున్న రెండు గదులు కిరాయికిస్తాం. పోయిన ఎండాకాలం అవి ఖాళీ అయితే, నా మనవరాలు స్నేహలత ఫోన్లో ప్రకటన పెడతానంది. ఏం రాయాలో నేనే చెప్పాను: "సాగరానికి ఎదురుగా రెండు గదులు. గాలి ఉచితం."

"తాతా, అది రిజర్వాయర్," అంది పిల్ల.

"ఊరి పేరేంది బిడ్డా? ధర్మసాగర్. సాగరమంటే సముద్రమే గదా. నాలుగో తరగతిల ఒప్పజెప్పిన, సముద్రం, సాగరం, కడలి, జలధి అని. ఆ దినం పంతులు నన్ను ఒక్క దెబ్బ గూడ కొట్టలే."

రెండు రోజులకు విశాఖపట్నం నుంచి ఫోన్ వచ్చింది.

ఫోన్ చేసిన లిదియాకు రైల్వేలో ఉద్యోగం. ప్రమోషన్ మీద కాజీపేటకు బదిలీ అయింది. ఇంట్లో తనూ, తండ్రి సుందర్ రావూ ఇద్దరే. ఆయన హార్బరులో ముప్పై ఆరేళ్లు బోటు నడిపాడు, లోపలికొచ్చే ఓడలకు ఎదురెళ్లి దారి చూపే బోటు. పుట్టింది బీచ్ పక్కన, పెరిగింది బీచ్ పక్కన. పొద్దున లేస్తే నీళ్లు కనబడని ఊళ్లో ఉండనని ఒకటే మాట. ఈ మధ్య రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాడు కాబట్టి ఆయన్ని ఒంటరిగా వదిలే వీలు లేదు. ఆయన రానంటే ఆ పిల్ల ప్రమోషన్ వదులుకోవాలి. సోమవారం జవాబు చెప్పాలి. వాళ్లు కారేసుకుని ఇళ్లు చూడ్డానికి వచ్చింది శనివారం.

మా ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. లిదియా ముఖం వాడిపోయి ఉంది.

"ఖిలా వరంగల్‌లో ఇల్లు బావుంది బాబాయ్ గారూ, నాన్నకి గాలి నచ్చలేదు. హనుమకొండలో గాలి నచ్చింది, నీళ్లు లేవన్నారు. ఇంక మీదే మిగిలింది."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నీళ్లు మా ఇంటి ముంగటనే ఉన్నయి," అన్నాను.

సుందర్ రావు గదుల వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా కట్ట ఎక్కాడు. వెనకే నేనూ ఎక్కాను. ఎండాకాలం కదా, నీళ్లు దూరంగా జరిగాయి. మధ్యలో నెర్రెలిచ్చిన మట్టి, అంచున బురద. ఆయన చెప్పులు చేతబట్టుకుని ఆ బురదలో దిగిపోయి, వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు.

"ఏటండీ ఇది. ఉప్పు లేదు."

"ఉప్పు మా ఇంటామె పూలమ్మ ఇంట్ల పెట్టింది సారూ. కావాలంటే కలుపుత."

ఆయన నవ్వలేదు. "ఆటుపోట్లు?"

"ఉన్నయి. వానకాలం వస్తయి, ఎండకాలం పోతయి."

"ఏడాదికొక్క పోటన్నమాట." ఈసారి కొంచెం నవ్వాడు. "మీరు సముద్రం చూశారా?"

"ఎన్నిసార్లో," అన్నాను, తువ్వాల సర్దుకుంటూ.

ఆయన చాలాసేపు నీళ్లను చూశాడు. తర్వాత కూతురి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "మంచి నీళ్లేనమ్మా. కానీ పలకరించవు. వెళ్దాం పద." లిదియా బ్యాగులోంచి కారు తాళాలు తీసింది, అంతే. ఆ తాళాల చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది.

నా భార్య పూలమ్మ వాకిట్లో నిలబడి చూస్తోంది. "అన్నా, ఆ బురద కాళ్లతోని కారెక్కుతరా? నల్లా కాడ కడుక్కోండ్రి."

నల్లా కింద మా బట్టలుతికే బండ ఉంది. ఆయన దాని మీద కాళ్లు పెట్టి నల్లా తిప్పాడు. బురద పోయింది. అయినా ఆయన దిగలేదు. ఒక కాలు కాస్త ముందుకు జరిపాడు, మళ్లీ వెనక్కి తీశాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ కళ్లు తిరుగుతున్నాయేమోనని లిదియా పరుగెత్తింది.

"ఉండమ్మా," అన్నాడు. "చెంబుతో నీళ్లివ్వండి."

పూలమ్మ ఇచ్చింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, బండ మీద ఆ కొస నుంచి ఈ కొసకు పల్చగా పోశాడు. బండ నిండా వేలి లావు మడతలు, ఒకదాని వెనక ఒకటి. నీళ్లు ఆ మడతల్లో నిండి, మెరిసి, ఒక్కొక్క గీతే దాటుకుంటూ కిందికి పోయాయి. ఉప్పు వాసన ఒకటి లేచి నా ముక్కుకు తగిలింది.

"అల వెళ్లిపోయాక తడి ఇసుక ఇలా ఉంటాదమ్మా," అన్నాడు. "ఇది సముద్రం అడుగు, ఇసుక రాయైపోయింది. గీతకీ గీతకీ ఎడం చూడు. అప్పుడు మోకాలి లోతు కూడా లేవు నీళ్లు. అల అటు నుంచి వచ్చింది." మా పక్కింటి కట్టయ్య బర్రెల కొట్టం వైపు వేలు చూపించాడు.

నేను డెబ్బై ఆరేళ్లుగా కోతలు కోస్తున్నాను. గొంగడితో పులిని కొట్టానని చెప్పి నమ్మించినవాణ్ణి. ఆ మాట వాటన్నిటికన్నా పెద్దది. కానీ చెప్పినాయన ముఖంలో కోతలరాయుడి నవ్వు లేదు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో చూస్తాను.

"ఈ రాయి ఎక్కడిది బాబాయ్ గారూ?" అంది లిదియా.

ఇక్కడ ఒక చిన్న దిద్దుబాటు. ఎడ్లబండి లేదు, ఒంటిచెయ్యీ లేదు. పదిహేనేళ్ల కింద కట్టయ్య తన ట్రాక్టర్ మీద పాకాల దిక్కు గుట్టల నుంచి తెచ్చాడు. నలుగురు దించారు. నేను ట్రాలీలో ఆ బండ మీదే పడి నిద్రపోతూ వచ్చాను. లేచి చూసి, సాఫు బండ తెమ్మంటే వంకర బండ తెచ్చావని వాణ్ణి నానా మాటలన్నాను. పారెయ్యనీయకుండా ఆపింది పూలమ్మ. గీతలుంటే మురికి తొందరగా వదులుతుందంది.

లిదియా ఫోన్లో వెతికి చదివింది. ఆ గుట్టల్లో ఇట్లాంటి రాళ్లున్నాయట. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట. ఎప్పుడంటే, వంద కోట్ల ఏళ్లకు పైమాటే.

"అప్పుడు మనుషులున్నరా బిడ్డా?"

"చేపలు కూడా లేవంట బాబాయ్ గారూ."

చేపలు లేని సముద్రం. ఒడ్డున గడ్డిపోచ లేదు, మీద పిట్ట లేదు. ఒక అల వచ్చింది, పోయింది. చూసినవాడు లేడు, దానికి పేరు పెట్టినవాడు లేడు. అది పోతూ పోతూ ఇసుక మీద గీసిన గీత మాత్రం ఇంతకాలం ఆగి, మా ఇంటికొచ్చింది. పదిహేనేళ్లుగా దాని మీద నా లుంగీలు బాదుతున్నారు. చేతిలో తువ్వాల ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

సుందర్ రావు లేచాడు. "గదులు చూపించండి," అన్నాడు.

"నాన్నా, నీళ్లు పలకరించవన్నావుగా."

"ఇవి పలకరించాయి కదమ్మా."

లిదియా తాళాలు బ్యాగులో వేసుకుంది.

పూలమ్మకు అప్పుడు ఇంకో బెంగ పట్టింది. "అన్నా, గింత పెద్ద కథున్న బండంటిరి. ఇగ నేను బట్టలేడ ఉతకాలె?"

"దాని మీదే ఉతకండి చెల్లెమ్మా. దానికి నీళ్లు పడాలి."

అప్పటి నుంచి రోజూ పొద్దున పూలమ్మ బట్టలు ఉతుకుతుంటే, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని చాయ్ తాగుతూ చూస్తాడు. చెంబు నీళ్లు పడ్డప్పుడల్లా మాట ఆపేస్తాడు. నేనూ ఆపేస్తాను. నా నోరు మూయించిన వస్తువు ఈ ఊళ్లో అదొక్కటే అని పూలమ్మ అందరికీ చెబుతోంది.

ఇది రాస్తుంటే స్నేహలత వెనక నుంచి చదివి, "తాతా, ఇందుల అబద్ధమేది?" అంది. బండే అబద్ధమని దాని అనుమానం. బండ నిజం. గీతలు నిజం. ఆ ఉప్పు వాసన ఒక్కటి కల్పించాను. నేను సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు, దాని వాసన ఎట్లుంటుందో నాకు తెలియదు. తర్వాత ఎవరూ లేనప్పుడు నాలుగైదుసార్లు బండకు ముక్కు ఆనించి చూశాను. పూలమ్మ సబ్బు వాసనే వస్తుంది.