మసిగుడ్డ లేని వంటిల్లు

కల్పలతకి నలభై ఏడేళ్లు. టీ నిలబడే తాగుతుంది.

దసరా వెళ్లి వానలు ఆగాక, పొద్దున్నే కుళాయి నీళ్లు జివ్వుమనే రోజొకటి వస్తుంది. ఆ రోజు ఆమె అటక మీంచి ఉన్ను సంచి దించి, ఓవెన్ పళ్లేలు తోముకుంటుంది. ఇక జనవరి దాకా సైనిక్‌పురిలోని ఆ ఇంట్లో కమలాతొక్క వాసన, దాల్చినచెక్క వాసన. మధ్యాహ్నం కేకు ఓవెన్‌లో పెట్టి, అది అయ్యే ముప్పావుగంటా కిటికీ పక్కన కూర్చుని బెత్తెడు మేజోళ్లు అల్లుతుంది. ఆ ముప్పావుగంట ఆమెకి ఇష్టం. ఆమె ఇష్టంగా చేసేది అదొక్కటే కాబట్టి ఇంట్లోవాళ్లు దానికి టైంపాస్ అని పేరు పెట్టారు, ఆర్డర్లు కూడా ఇస్తారు.

వేడి పళ్లేన్ని ఆమె ఉత్త చేతులతో తీస్తుంది. కాలదు.

పదకొండేళ్ల కిందట ఆమె బడిలో లెక్కల టీచరు. ఒక సాయంత్రం భర్త విజయేందర్ ఆమె రాజీనామా ఉత్తరాన్ని తన ఆఫీసులోనే టైపు చేయించి తెచ్చాడు, 'ఆరోగ్య కారణాల వల్ల' అని. ఆమె సంతకం పెట్టింది. కేకు మాడుతోందని లేచి వెళ్లి, గుడ్డ లేకుండానే పళ్లెం బయటికి తీసింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ వారమే అత్త బాలమ్మ ఇంట్లో ఉన్న మసిగుడ్డలన్నీ చెత్తబండిలో వేసింది. అవి ఇంకెవరికి కావాలి?

మొదట వేళ్లు మొద్దుబారాయి. తర్వాత మణికట్టు. ఏటా కొంచెం పైకి పాకేది. ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి ఆమె కుడిచేతికి నీలం ఉన్ను పోగు కట్టుకునేది. పక్కింటివాళ్లు బీపీ అడిగినట్టు అడిగేవాళ్లు. మోచెయ్యి దాటిందంటే, మా అక్కకీ అంతే అనేవాళ్లు. డాక్టరు బీ-ట్వెల్వ్ మాత్రలు రాసి, ఈసారి వచ్చేటప్పుడు జీడిపప్పు బిస్కెట్లు తెమ్మన్నాడు.

ఈ అక్టోబరులో పోగు భుజం మీదికి వచ్చింది.

"ఇంకెంత దూరం అత్తమ్మా?" అని అడిగింది కల్పలత, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

బాలమ్మకి ఆ మొద్దుబారడం ఎప్పుడో పూర్తయింది. "భుజం దిగితే ఎదల పడ్తది. ఎదల పడ్డంక ఏం తెల్వది. మంచిగుంటది."

"ఏం తెల్వదంటే?"

"పెండ్లికి ముందు నాకేదో ఇష్టముండె. పాటనో, ఇంకేందో. యాదికొస్తలేదు." బాలమ్మ ఇంకో కాయ అందుకుంది. "తక్లీఫ్ సుత లేదు."

కల్పలత తన ముప్పావుగంట గురించి ఆలోచించింది. వచ్చే ఏడు కూడా కేకులు చేస్తుంది, మేజోళ్లు అల్లుతుంది, చేతులు వాటి పని అవి చేస్తాయి. వాసన వస్తుంది కానీ ఆమెకేమీ అనిపించదు. దిగులు పడదామనుకుంది. అది కూడా సరిగ్గా రాలేదు.

ఆడబిడ్డ నవతకి మనవరాలు పుట్టింది. ఫోన్ చేసింది.

"వదినా, పేరు పెట్టే ఫంక్షన్ నవంబర్ తొమ్మిదిన. మీ ఇంట్లనే పెట్టుకుందాం, హాలు పెద్దగున్నది. నలభై రిటర్న్ గిఫ్టులు కావాలె. ఒక డబ్బల బిస్కెట్లు, జత చిన్న సాక్సులు. హ్యాండ్‌మేడ్ అని కార్డు నేను కొట్టిస్త."

"నలభై జతలా నవతా?"

"నీకు టైంపాస్ గద."

కార్డు మీద నవత పేరుంటుందని ఇద్దరికీ తెలుసు.

అదే వారం హదస్సా కూడా అడిగింది. హదస్సా ఒకప్పుడు కల్పలత పనిచేసిన బడిలోనే ఇంగ్లీషు చెప్పేది, ఇప్పుడు కార్ఖానా ఏరియాలో చిన్న బేకరీ నడుపుతోంది. క్రిస్మస్ కేకులకి పళ్లు నానబెట్టేసింది, పొద్దుటి ఓవెన్ చూసుకోవడానికి మనిషి కావాలి, ఆ తర్వాత కూడా కావాలి.

"బేకరీల పనికి పోతవా?" అన్నాడు విజయేందర్. "ఇంట్ల ఓవెన్ లేదా? రేపు పోయి కాదని చెప్పిరా. ఫోన్‌ల చెప్తే మంచిగుండది."

మర్యాద తెలిసిన మనిషి.

కాదని చెప్పడానికే ఆమె కార్ఖానా వెళ్లింది. హదస్సా పిండి చేతులతో టీ పెడుతుండగా ఓవెన్ గంట మోగింది. కల్పలత అలవాటుగా తలుపు తెరిచి చెయ్యి లోపలికి పెట్టబోయింది. హదస్సా ఆమె జబ్బ పట్టి వెనక్కి లాగింది.

"ఏం చేస్తున్నవే?"

"నాకు కాలది. నీకు తెలుసు గద."

"తెలుసు. అయితే ఏంది? ఇక్కడ గ్లవ్స్ లేకుండ ఎవరూ తియ్యరు. తొడుక్కో."

"కాలనప్పుడు ఎందుకే?"

"నీ చేతులు గనక." హదస్సా మాటల మనిషి కాదు. గ్లవ్స్ కల్పలత చేతుల్లోకి నెట్టి టీ వడగట్టడానికి వెళ్లిపోయింది.

పాత గుడ్డ గ్లవ్స్, కొసలు నల్లబడ్డాయి. కల్పలత తొడుక్కుని పళ్లెం తీసింది. బల్ల దగ్గరికి నడిచేలోపు వేళ్ల కొసల్లో ఏదో తగిలింది. పక్కవీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నంత దూరంగా, వేడి. ఆమె కాదని చెప్పలేదు. అవుననీ చెప్పలేదు. టీ తాగి ఇంటికొచ్చి పోగు చూసుకుంటే, మొద్దుతనంతో పాటు అదీ నాలుగు వేళ్ల మేర కిందికి జారి ఉంది.

దాల్చినచెక్క కొనాలని మర్నాడు వెళ్లింది. బటర్ పేపర్ అయిపోయిందని ఆ మర్నాడు. వెళ్లిన ప్రతిసారీ గ్లవ్స్ తొడుక్కుని ఒక పళ్లెం తీసి వచ్చేది. ఎనిమిదో తారీఖుకి పోగు మణికట్టు దగ్గర గాజులా వేలాడుతోంది. నలభయ్యో జత అల్లుతుంటే సూది గుచ్చుకుని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరూ చూడలేదు.

తొమ్మిదిన ఇల్లంతా చుట్టాలు. ఆఖరి బిస్కెట్లు ఓవెన్‌లో ఉన్నాయి.

"పట్టుకోను గుడ్డ ఏమన్న ఉన్నదా?" అని అడిగింది కల్పలత.

"నీకెందుకొదినా గుడ్డ?" నవత డబ్బాలకి రిబ్బన్లు కడుతోంది.

"కావాలె."

"లతా, మాడు వాసనొస్తుంది, తియ్యరాదా?" అన్నాడు విజయేందర్ హాల్లోంచి.

ఆమె సొరుగులు వెతికింది. పదకొండేళ్లుగా ఆ వంటింట్లో ఎవరూ మసిగుడ్డ పెట్టలేదు. చీర కొంగు చూసింది. పట్టుది, నవత పెట్టినది. హాల్లోంచి మళ్లీ పిలుపు వచ్చింది. ఆమె ఓవెన్ తలుపు తెరిచి రెండు చేతులతో పళ్లెం పట్టుకుంది.

పళ్లెం కింద పడింది. బిస్కెట్లు గుమ్మం దాకా దొర్లాయి.

"కాలింది," అంది కల్పలత.

విజయేందర్ వచ్చి చూశాడు. "నీకెట్ల కాలుతది?"

"ఇంక పది డబ్బలు ఖాళీగున్నయి," అంది నవత. "గిట్ల ఇప్పుడే చెయ్యాల్నా వదినా?"

బాలమ్మ మెల్లగా వంగి, వేడి పళ్లేన్ని ఉత్త చేత్తో ఎత్తి గట్టు మీద పెట్టింది. కోడలి చేతులు తిప్పి చూసింది. అరచేతుల్లో బొబ్బలు లేస్తున్నాయి.

"నొస్తుందా?"

"నొస్తుంది అత్తమ్మా."

"ఎట్లుంటది?"

కల్పలత చెప్పడానికి ప్రయత్నించింది. వినడానికి ముసలామె తల దగ్గరికి పెట్టింది. ఈలోగా నవత కింద పడ్డవాటిలో విరగని బిస్కెట్లు ఏరి, ఊది, డబ్బాల్లో సర్దింది.

చేతి కట్లు విప్పిన మర్నాడు, నవంబర్ ఇరవై నాలుగున, కల్పలత కార్ఖానాలో పనికి చేరింది. మార్చిలో అక్కడే ఒక గది అద్దెకు తీసుకుని వెళ్లిపోయింది. నేనూ వస్తానని బాలమ్మ రెండుసార్లు అడిగింది. కల్పలత తీసుకుపోలేదు.