పూజ మర్నాడు మొండికేసిన మిషను

మా ఆయన గురునాథరావు గారు భిలాయి స్టీలు ప్లాంటు నుంచి రిటైరై ఆరేళ్లయింది. రోలింగ్ మిల్లులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసిన మనిషి. ఇంట్లో కుక్కరు కూత వెయ్యకపోయినా 'బ్రేక్‌డౌన్' అంటారు. నేను పప్పు మాడ్చినా అదే మాట.

భిలాయిలో విశ్వకర్మ పూజ అంటే సామాన్యం కాదు. ప్లాంటు మొదలుకొని ఆటోస్టాండు దాకా, వెల్డింగు షాపు మొదలుకొని ఇంట్లో స్కూటరు దాకా అన్నిటినీ కడిగి బొట్టు పెడతారు. పూజ చేసిన యంత్రాన్ని ఆరోజు ముట్టుకోరు. రిటైరయ్యాక పూజ చెయ్యడానికి మా ఆయనకి మిగిలిన యంత్రం నా తొక్కుడు కుట్టుమిషను. ఈ ఏడు దాన్ని ఊడదీసి తుడిచారు, నూనె పోశారు, కొత్త సూది బిగించారు, బంతిపూల దండ వేశారు. కొబ్బరికాయ కొట్టి గుప్పెడు అక్షింతలు చల్లారు. మా పెళ్లిలో నా నెత్తిన తలంబ్రాలు కూడా అంత శ్రద్ధగా పొయ్యలేదు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి పక్కింటి వాసవి వచ్చింది. దాని నాన్న తిరుమలరావు నందిని సున్నపురాయి గనుల్లో పని చేస్తాడు. పిల్ల పుట్టింది, పెరిగింది ఇక్కడే కాబట్టి దాని నోట్లో తెలుగు సగం, హిందీ సగం. ఐటీఐ పాసై, ప్లాంటు లోపల పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో క్రేను ఆపరేటరు ట్రైనింగుకి ఎంపికైంది. ఆరోజే మొదటి షిఫ్టు.

"యే దేఖో పెద్దమ్మా," అంటూ చేతులు చాచింది. కంపెనీ వాళ్లిచ్చిన చొక్కాలో దాని వేళ్ల కొసలు కూడా కనబడలేదు. ప్యాంటు నేల ఊడుస్తోంది. "రెండింటికి గేటు దగ్గరుండాలి. ఢీలా బట్టలు మిషన్లో చిక్కుకుంటాయి, అలా వస్తే వాపస్ పంపేస్తామన్నారు. మొదటి రోజే వాపస్ వస్తే ఏం బాగుంటుంది పెద్దమ్మా?"

"ఏటే ఆ ఏడుపు మొహం? రెండు చేతులు, రెండు కాళ్లు, నడుం. గంట పని. కూచో," అన్నాను. నోరు ఊరుకోదు కదా.

కొలతలు తీసి, సుద్దముక్కతో గీతలు గీసి, ముందుగా ఒక పాతగుడ్డ పెట్టి తొక్కాను. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, అడుగున దారం పిచ్చుకగూడులా ముద్దకట్టేసింది. లాగి తీసి మళ్లీ తొక్కాను. పైదారం తెగింది. మూడోసారి చక్రమే కదలనంది.

మా ఆయన పేపరు పక్కన పడేసి వచ్చేశారు. చేతిలో అప్పుడే టూల్‌బాక్సు ఉంది.

"ఎవరూ ముట్టుకోకండి. మొత్తం ఊడదీసి ఓవర్‌హాల్ చెయ్యాలి," అన్నారు.

"ఎంతసేపు?"

"ఒక షిఫ్టు పడతాది."

"ఆ పిల్ల షిఫ్టు రెండింటికండీ. అలగ కూచోండి కాస్త."

అడుగున దారం ముద్దకడితే తప్పు పైదారానిది. బొబ్బిలిలో మా అప్పయమ్మ పిన్ని నాకు నేర్పిన మొదటి పాఠం అది. గుడ్డని నొక్కిపట్టే పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించి పట్టే బిళ్లల మధ్యకి సరిగా దిగదు. అందుకని దారమంతా తీసేసి, పాదం పైకెత్తి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. ముద్ద తగ్గింది కానీ, కుట్టు ఒకటి పడితే రెండు వదిలేస్తోంది. కళ్లజోడు పెట్టుకుని సూది చూశాను.

"ఈ సూది ఏటి ఇలగ పెట్టినారు?"

"కొత్త సూదే. పాతది మొండిదైపోనాది."

"కొత్తదే, తిరగేసి పెట్టినారు. చదునుగా ఉన్న వైపు ఇటుండాలి, గాడి అటుండాలి."

ఆయన సీలింగ్ ఫ్యానుకేసి చూశారు. వాసవి నవ్వాపుకుంటూ తల దించుకుంది.

సూది సరిచేశాక జానెడు కుట్టు ముత్యాల్లా పడింది. హమ్మయ్య అనుకునేలోపు 'టక్' అని చప్పుడు, దారం తెగింది. మళ్లీ ఎక్కించాను. మళ్లీ టక్. గడియారంలో పదకొండున్నర. పవర్‌హౌసు బజారుకి పోయి కుట్టించుకుని రావడానికి ఇక టైము చాలదు. నాకు నిజంగా భయం వేసింది. ముప్పై నాలుగేళ్లు ఈయన ప్లాంటు బట్టలకి గుండీలు కుట్టాను, చిరుగులు కుట్టాను. ఆ గేటు లోపలికి వెళ్లే ఆడపిల్లకి కుట్టడం ఇదే మొదలు. దాని ఉద్యోగం మొదటిరోజు నా చేతుల్లో ఆగిపోతుందా అనుకున్నాను. ఆ కోపం మా ఆయన మీదికి మళ్లింది.

"పూజ చేసినారో, చేతబడి చేసినారో. నిన్నటిదాకా బంగారంలాగున్న మిషను."

ఆయన టూల్‌బాక్సులోంచి పొడవాటి స్క్రూడ్రైవరు తీసి, మొనని మిషను ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నారు. మిల్లులో బేరింగుల రోగం అలాగే పట్టేవారట.

"తొక్కు. మెల్లగా," అన్నారు కళ్లు మూసుకుని. మొనని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరుపుతూ విన్నారు. "పైన కాదు. అడుగున, షటిల్ దగ్గర. చక్రం తిరిగినప్పుడల్లా ఏదో గట్టిది తగులుతోంది."

మిషను వెనక్కి వాల్చి బాబిన్ కేసు తీశాను, షటిల్ ఊడదీశాను. సందులో పచ్చగా, నూనెలో నాని, సగం విరిగిన బియ్యపుగింజ. పట్టకారుతో తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"దీర్ఘసుమంగళీభవ అని దీవించినారేటి మిషన్ని?" అన్నాను.

ముందు వాసవి పగలబడి నవ్వింది. తర్వాత నేను. నవ్వి నవ్వి నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆఖరికి ఆయన కూడా నవ్వి, ఆ గింజని జేబులో వేసుకున్నారు.

ఎక్కువైన నూనె తుడిచి, మరకలు పడకుండా పాతగుడ్డ మీద నాలుగు వరసలు నడిపి, అప్పుడు చొక్కా ఎక్కించాను. మిషను జోరుగా పరుగు తీసింది. నేను కుట్టినదాన్ని ఆయన ఇస్త్రీ చేశారు, వాసవి దారపు కొసలు కత్తిరించింది. ఒంటిగంట ఇరవైకి పని పూర్తయింది. పిల్ల వేసుకుని చేతులు పైకెత్తింది, గొంతుక్కూచుంది, క్రేను నిచ్చెన ఎక్కినట్టు మా ముక్కాలిపీట ఎక్కి దిగింది. మా ఆయన దాని చేతి పట్టీలు లాగి చూసి "పాస్" అన్నారు. స్కూటీ సందు మలుపు తిరిగేదాకా ఇద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం.

మర్నాడు పొద్దున్న తొమ్మిదికి వాసవి మళ్లీ వచ్చింది. వెనకాల మరో ముగ్గురు ఆడపిల్లలు, చేతుల్లో మడతపెట్టిన బట్టలు.

"నన్ను లోపలికి రానిచ్చారు పెద్దమ్మా. క్రేను మీదికి ఎక్కాను. పై నుంచి అంతా కనిపించింది," అంది. "వీళ్లని మాత్రం నిన్న గేటు నుంచే పంపేశారు. ఇవాళ ఇంకో ఛాన్సు ఇచ్చారు. మా పెద్దమ్మ ఉంది కదా, చలో అని తీసుకొచ్చేశాను."

ఆ ముగ్గురూ నా వంకే చూస్తున్నారు. వాళ్లలో ఒకమ్మాయి కళ్లు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. నాకు ఒళ్లంతా పొంగిపోయింది. పైకి మాత్రం, "ఊరందరికీ కుట్టడానికి నాకేటి, పది చేతులున్నాయా?" అని కసిరాను.

కసురుతూనే టేపు అందుకున్నాను. ఏడ్చిన పిల్లని ముందు రమ్మన్నాను. రెండింటికల్లా నలుగురూ గేటు దాటాలి.

దాటారు.