గడప బయట కుట్టుమిషను

మొన్నటి వరదకి భవానీపురంలో నడుంలోతు నీళ్లొచ్చినప్పుడు ఆమినాబీ మంచం మీద మంచం వేసుకుని రెండు రోజులు కూర్చుంది. కిందేమో బియ్యం డబ్బా పడవలా గది గదికీ తిరిగొచ్చేది. నీళ్లు తీశాక కూతురు ఆస్రా కొండపల్లి నుంచి పరిగెత్తుకొచ్చి, "ఇంక చాల్లే అమ్మీ, మా పక్కనే మిట్ట మీద రెండు గదుల ఇల్లు అమ్మకానికుంది, వచ్చెయ్" అంది. ఇక్కడిది అమ్మితేనే అక్కడిది కొనగలిగేది. మళ్లీ వానలు మొదలయ్యేలోపు ఈ ఇల్లు అమ్ముడైపోవాలి. ఆమినాబీకి ఇంకే కోరికా లేదు.

కొనేవాడూ మంచివాడే దొరికాడు. బెన్నీ అని, పోస్టాఫీసులో ఉద్యోగం. భార్య శాలిని వంటింటి కిటికీ చూసి అక్కడే మురిసిపోయింది. "బ్యాంకు లోను పెడుతున్నాం మామ్మగారూ. కాగితాలు ఒకసారి లాయరు గారికి చూపిద్దాం, అంతే" అన్నాడు బెన్నీ.

ఆ 'అంతే' దగ్గరే మొదలైంది గందరగోళమంతా.

లాయరు ఛాయాదేవి గారు మర్యాదస్తురాలు. కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చి, అప్పుడు కాగితాలు తిరగేసింది.

"బీబీ గారూ, దస్తావేజు మీవారు అబ్దుల్ రవూఫ్ గారి పేరున ఉంది. ఈసీలోనూ ఆయన పేరే వచ్చింది."

"ఈసీ అంటే ఏంటమ్మా?"

"ఈ ఇల్లు ఎప్పుడు ఎవరి చేతులు మారిందో రిజిస్ట్రారాఫీసు వాళ్లు రాసిచ్చే కాగితమండీ."

"ఆయన పోయి ఏడేళ్లయింది కదా. వాళ్లకి తెలీదా?"

"వాళ్లకి మనం చెబితేనే తెలుస్తుంది. ఇప్పుడు ఆయన వారసులందరూ సంతకం పెట్టాలి. మీరు, ఆస్రా, మీ అబ్బాయి వసీం."

వసీం పేరు వినగానే ఆమినాబీ గ్లాసు కింద పెట్టేసింది. నాలుగేళ్ల కిందట వీధిగది పడగొట్టి కొట్టు కడతానన్నాడు వాడు. వద్దంది. "అబ్బా కట్టిన ఇల్లు, నువ్వెవరు వద్దనడానికి?" అన్నాడు. "ఇది నా ఇల్లు" అంది. "ఏదీ, కాగితం చూపించు" అని, అత్తారి ఊరు పామర్రు వెళ్లిపోయి అక్కడే కొట్టు పెట్టుకున్నాడు. పండక్కి కూడా చెల్లెలి ఫోనులోనే సలాం.

"ఇది వారసులకొచ్చే ఇల్లు కాదమ్మా. ఆయన బతికుండగానే నాకిచ్చేశాడు" అంది ఆమినాబీ.

"దస్తావేజు?"

"నోటితో ఇచ్చాడు."

లాయరమ్మ నవ్వుతుందనుకుంది. ఆవిడ నవ్వలేదు సరికదా, కలం మూత పెట్టి ముందుకు వంగింది.

"హిబా చేశారా? మీవాళ్లలో దానం నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుందండీ. ఇస్తున్నానని ఆయన చెప్పాలి, తీసుకున్నానని మీరనాలి, ఇల్లు మీ చేతికి అప్పజెప్పాలి. ఈ మూడూ జరిగాయా?"

"భేషుగ్గా జరిగాయి!"

"అయితే చెల్లుతుంది. కానీ బ్యాంకు ఒప్పుకోదు."

"చెల్లుతుందంటావు, ఒప్పుకోదంటావు. నేను ఏది పట్టుకుని నడవాలమ్మా?"

"చూసినవాళ్లు కావాలండీ. ఎవరున్నారు అప్పుడు?"

ఉండకేం? పన్నెండేళ్ల కిందటి ముచ్చట. రవూఫ్ దర్జీ. చేతిలో కత్తెర ఎంత సూటిగా నడిచేదో మనిషీ అంత సూటి. ఎవరేం చెబితే అదే చేస్తాడు, దానికి అటూ ఇటూ ఆలోచించడు. ఇల్లు భార్యకి ఇవ్వాలనుకుని మసీదులో నమాజు చేయించే పేషిమాం గారిని అడిగితే, "అప్పజెప్పడమంటే నీ పట్టు వదలాలి" అన్నాడాయన. అంతే, రవూఫ్ ఇంటికొచ్చి తన లుంగీలు, రేడియో, ఇస్త్రీపెట్టె అన్నీ బయట పెట్టాడు. చివరికి కుట్టుమిషను కూడా, ఓ పక్క వసీం ఓ పక్క తను పట్టుకుని, మోసుకెళ్లి రోడ్డు మీద దింపాడు. తాళంచెవి భార్య చేతిలో పెట్టి, గడప దిగి, తలుపు వేసుకోమన్నాడు. మళ్లీ తనే తలుపు తట్టి, "లోపలికి రావచ్చా, ఇంటావిడా?" అన్నాడు. ఆమినాబీ సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుని, "రండి" అంది.

పేషిమాం గారు ఇప్పుడు లేరు. చూసినవాళ్లలో మిగిలింది ఎదురింటి అమలమ్మ. ఆవిణ్ణి ఆటో ఎక్కించి లాయరమ్మ ముందు కూర్చోబెట్టింది.

"చూడకపోవడమేంటండీ, కళ్లారా చూశాను!" అంది అమలమ్మ. "మొగుణ్ణి మిషనుతో సహా రోడ్డు మీదికి గెంటేసింది. పాపం, ఆయన తలుపు కొట్టి బతిమాలుకుంటే గానీ రానివ్వలా. కోపంలో ఎవరైనా చేస్తారు లెండి. నేనెవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా."

ఆమినాబీ గిర్రున అమలమ్మ వైపు తిరిగింది. పన్నెండేళ్లుగా పొద్దున్నే పలకరించే మనిషి, తన గురించి కడుపులో ఇది పెట్టుకుని పలకరించిందా!

"ఇంక వసీం ఒక్కడేనండీ" అంది ఛాయాదేవి. "ఇచ్చింది చూశానని అతను రాసిస్తే ఇల్లు మీదే. చూడలేదంటే అతనికీ వాటా ఉంటుంది. ఎటు తిరిగినా అతని సంతకం లేకుండా బ్యాంకు లోను ఇవ్వదు. బెన్నీ గారు ఈ నెలాఖరు దాకా ఆగుతారట."

"వాటా పోగొట్టుకునే వాడే వచ్చి నాకు వాటా లేదని చెప్పాలా?"

"అంతేనండీ."

ఇదేం చట్టమో. దారి పొడుగునా ఆమినాబీ తల పట్టుకునే ఉంది. అమలమ్మతో మాట్లాడనూ లేదు, మాట్లాడకుండా ఉండనూ లేకపోయింది.

ఇంటికొచ్చి తనే వసీంకి ఫోను చేసింది. సంతకం అనబోయింది, ఈసీ అనబోయింది, హిబా అనబోయింది. అన్నీ కలగాపులగమై చివరికి నోటికి వేరేదే వచ్చింది.

"మిషను దింపేటప్పుడు నీ కాలి బొటనవేలు నలిగింది, గుర్తుందా?"



"గోరు ఇప్పటికీ వంకరగానే ఉంది" అన్నాడు వసీం. ఫోను పెట్టేశాడు.

వస్తాడనా దానర్థం, రాడనా? ఆస్రాని అడిగితే "నాకేం తెలుసు అమ్మీ" అంది. బెన్నీ రోజూ ఫోను చేసి, "ఏమైనా తెలిసిందా మామ్మగారూ?" అని మెల్లగా అడిగేవాడు. "గోరు వంకరగా ఉందట నాయనా" అనేది. ఆ అబ్బాయి ఏమనుకున్నాడో ఏమో.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం, ఆమినాబీ గోంగూర తెంపుతుంటే గడప మీద నీడ పడింది. తలుపు బార్లా తీసే ఉంది. వసీం బయటే నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు, సంచీ కింద పెట్టాడు, కానీ అడుగు లోపల పెట్టలేదు. తీసి ఉన్న తలుపునే వేలితో తట్టాడు.

"లోపలికి రావచ్చా, ఇంటావిడా?"

ఎదురు వరండాలోంచి అమలమ్మ కేకేసింది. "ఓసి నీ దుంప తెగ! కొడుకుని కూడానా!"

ఆమినాబీకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆవిడకే తెలీలేదు. "రారా" అంది.

అన్నం తిన్నాక వసీం చెయ్యి కడుక్కుని, "రేపు లాయరమ్మ దగ్గరికెళ్దాం అమ్మీ. నేను చూశాను, మోశాను, అదే రాసిస్తా" అన్నాడు. ఇంకాసేపు అటూ ఇటూ చూసి, మూలనున్న కుట్టుమిషను మీది దుప్పటి తీశాడు. వరద బురద ఇంకా చక్రానికి అంటుకునే ఉంది. "ఇది నేను తీసుకెళ్లనా?"

ఇవ్వబోయింది ఆమినాబీ. అంతలో ఏదో తట్టి ఆగిపోయింది.

"ఆగరా. ఇల్లంటే నాకిచ్చాడు. మిషను తనదేనని కదా బయట పెట్టుకున్నాడు. ఇది మీ అబ్బాదే. దీనికి ఎంతమంది సంతకాలు కావాలో, రేపు ఆ లాయరమ్మనే అడగాలి."