మూడో గేరు

మా పాత ట్రాక్టరు మూడో గేరులో నిలిచేది కాదు. మా ఆయన గేరు వేసి, క్లచ్ వదిలి, ఓ పాతిక గజాలు పోనిచ్చేసరికి టక్కున గేరు కర్ర దానంతటదే వెనక్కి వచ్చి న్యూట్రల్లో పడేది. ఇంజను ఊరికే అరుస్తుండేది, బండి ఆగిపోయేది.

ఇంట్లో అందరికీ అదొక రిపేరు. నాకు మాత్రం మనసులో ఇంకోటి ఉంది. మా చంటిదానికి పద్నాలుగో నెల. నడక వచ్చినప్పటి నుంచి ఏ గడపా దాన్ని ఆపడం లేదు. ఇంటికీ షెడ్డుకీ పొలానికీ మధ్య కంచె లేదు. మొదటిసారి గేరు జారినప్పుడు అది ముందు చక్రానికి రెండు గజాల దూరంలో మట్టిలో కూర్చుని ఉంది. రెండోసారి షెడ్డు తలుపు పక్కన నిలబడి ఉంది. రెండుసార్లూ నేనే గుండె చేత్తో పట్టుకుని పరుగెత్తాను.

ఈ సంగతి చెబితే అత్తయ్య నవ్వింది. "బండికి కళ్ళున్నాయంటావా? నీ భయాలన్నీ మూటకడితే ట్రెయిలరు నిండుతుంది తల్లీ!"

మబ్బులు పడుతున్నాయి, దుక్కి సగంలో ఉంది. మా ఆయనకి కాలు నిలవక ఆ ఉదయమే చెవి మేస్త్రిని పిలిపించాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస గేరుపెట్టెకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వింటాడని ఆ పెద్దాయనకి ఆ పేరు.

"బాబాయ్, ఇది మొండికేస్తోంది," అన్నాడు మా ఆయన.

"ఇది అనకురా, మీ నాన్నకంటే ముందు పుట్టింది. ఆవిడగారు అను," అన్నాడు మేస్త్రి, చెవి తియ్యకుండానే.

చాలాసేపు విన్నాడు. "పళ్ళు బాగానే ఉన్నాయి. గేరు జారకుండా లోపల ఓ ఇనప గుండు, దాని వెనక స్ప్రింగు పట్టి ఉంచుతాయి. ఆ స్ప్రింగు చచ్చి ఉంటుంది. అంతే," అని మూత విప్పాడు.

లోపలి స్ప్రింగులు రెండూ తీసి గుడ్డతో తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు.

"ఈ బండి ఎవరి దగ్గర కొన్నావు?"

"ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతుంటే కొన్నాను. తొందరలో ఉన్నారు, బేరం కూడా ఆడలేదు. ఏం, స్ప్రింగులు పోయాయా?"

"పోలేదు. ఉక్కులా ఉన్నాయి." ఒకదాని కొస నాకు చూపించాడు. ఆకురాయితో గీసిన చిన్న గాటు ఉంది. "నేను వేసిన ప్రతి స్ప్రింగుకీ ఈ గాటు పెడతానమ్మా. ఇవి నావే. అప్పుడు రంగు వేరు, బండిని పోల్చుకోలేదు. ఆ ఇంట్లోనూ ఇదే గొడవ, గేరు జారుతోందని. ఇక జన్మలో జారకూడదని దొరికిన వాటిలో గట్టివి వేశాను. ఇవి ఉండగా గేరు జారదు. మనిషి రెండు చేతులా లాగితే తప్ప రాదు."

"మరి ఎలా వస్తోంది?" అన్నాను.

మేస్త్రి నా వైపు కాక, తన పనిముట్ల పెట్టె వైపు చూశాడు. "ఆ ఇంట్లో పని చేస్తున్నంతసేపూ నా స్పానర్లు ఒక్కటీ పెట్టినచోట ఉండేది కాదు. ఓ బుల్లి చెయ్యి వచ్చి ఎత్తుకుపోయేది. నెల తరవాత అటు పోతూ పలకరిద్దామని ఆగాను. పెట్టె తెరిచి గంటసేపు కూర్చున్నా. ఒక్కటీ కదల్లేదు."

"ఏమైంది వాళ్ళకి?"

"నేను అడగలేదు తల్లీ. వాళ్ళు చెప్పలేదు."

మా ఆయన విసుక్కున్నాడు. "కథలు సాయంత్రం చెప్పుకుందాం బాబాయ్. వాన నెత్తిమీదుంది. ముందు మూత బిగించు." స్ప్రింగులు మళ్ళీ లోపలికి వెళ్ళాయి. మా ఆయన గేరు మూడులో వేసి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో కర్రని ముందు కమ్మీకి లాగి కట్టేశాడు. "ఇప్పుడెలా జారుతుందో చూస్తా!"

బండి పొలంలోకి దిగింది. నేను ఇంట్లోకి వచ్చాను. అత్తయ్య ఒక్కతే ఉంది.

"చంటిదేదత్తయ్యా?"

"నీ వెనకే షెడ్డుకి వెళ్ళిందిగా! నీ దగ్గర లేదూ?"

నా కాళ్ళు అప్పటికే బయట ఉన్నాయి. షెడ్డులో లేదు. పొలం వైపు చూస్తే ట్రాక్టరు నిదానంగా పోతోంది, దాని ముందంతా నడుమెత్తు గడ్డి. అరిచాను. ఇంజను మోతలో ఆయనకి వినపడలేదు, వెనక నాగలి వైపు తిరిగి చూసుకుంటున్నాడు. మేస్త్రి పెట్టెలోంచి కత్తి లాక్కుని పరుగెత్తి, పక్కనుంచి ఫుట్‌బోర్డు మీదికి ఎక్కాను.

గేరు కర్ర వణుకుతోంది. ఇంజను అదురుకి వణకడం కాదు. ఓసారి వెనక్కి వచ్చి, అలిసినట్టు ఆగి, మళ్ళీ వెనక్కి. ట్యూబు సాగి సాగి దారంలా సన్నబడింది. ఒక్క వేటు వేశాను. కర్ర టక్కున న్యూట్రల్లో పడింది. బండి ఆగింది.

"పిచ్చా నీకు?" అని అరిచాడు మా ఆయన. ముందు చక్రానికి జానెడు దూరంలో గడ్డి కదిలింది. చంటిది రెండు గుప్పిళ్ళ నిండా ఎర్రమట్టి పట్టుకుని మా వైపు చూసి నవ్వింది.

దాన్ని ఎత్తుకుని ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు. తల ఎత్తేసరికి మగవాళ్ళిద్దరూ గేరు కర్ర చుట్టూ నిలబడి ఉన్నారు. కర్ర కొసనున్న గుండు మీద గ్రీజు మరకలు. నాలుగు వేళ్ళు ఒక పక్క, బొటనవేలు ఇంకో పక్క. ఒక్కో వేలు చిక్కుడు గింజంత. దాని కింద ఇంకో చేతి గుర్తు.

మా ఆయన చంటిదాని గుప్పిళ్ళు విప్పి చూశాడు. మట్టి తప్ప గ్రీజు చుక్క లేదు. అయినా అది ఆ సీటు ఎత్తు ఎలా అందుకుంటుంది?

మేస్త్రి పొలంలోనే మళ్ళీ మూత విప్పాడు. వాన చినుకులు మొదలైనా మా ఆయన తొందరపెట్టలేదు, అడిగిన స్పానరల్లా అందించాడు. గట్టి స్ప్రింగులు రెండూ బయటికి వచ్చాయి. మేస్త్రి పెట్టెంతా వెతికి, వేలితో నొక్కితే అణిగిపోయే మెత్తటివి ఏరాడు.

"వీటితో గేరు అసలు నిలవదు కదా బాబాయ్," అన్నాడు మా ఆయన మెల్లగా.

"నిలవక్కర్లేదురా," అన్నాడు మేస్త్రి. "ఆ చేతుల్లో ఎంత బలం ఉంటుందని?"