ముందు వరస కుర్చీ

బిర్యానీలో వేసే ఆకట, కొమ్మలతో సహా కోసి చుట్టచుట్టి ఎర్ర రిబ్బను కట్టి, చదువు పూర్తయిన రోజున పిల్లల నెత్తిన కిరీటంలా పెడతారట, ఇటలీవాళ్ళకి అంతకంటే మంచి ఆకు దొరకలేదు కాబోలు, అనుకున్నాడు నూకరాజు, బిషాన్‌లో ఎక్కిన రైలు ఆంగ్ మో కియో వైపు కదిలింది, సిటీ మీదుగా పోతే ఆదివారం కదా, లిటిల్ ఇండియాకి పోయే మనవాళ్ళు ఎవరో ఒకరు తగులుతారు, ఏటి నూకరాజన్నా మీ అమ్మాయి కబురేటి అంటారు, అందుకే వుడ్‌లాండ్స్ చుట్టూ తిరిగే ఈ బండి ఎక్కాడు, బూన్ లే చేరడానికి గంట పడుతుంది, చొక్కా జేబులో నాలుగు మడతల్లో ఉన్న కాగితాన్ని కూడబలుక్కుని చదవడానికి ఆ గంట చాలు, బావమరిది ఇంట్లోంచి చెప్పకుండా పట్టుకొచ్చిన కాగితం, దొంగతనం కాదు, కన్న కూతురు రాసిన ఉత్తరం తండ్రి జేబులో ఉంటే దొంగతనమా, రెండేళ్ళుగా ఆ ఉత్తరాలను తన కంప్యూటర్లో పెట్టుకుని, పదిహేను రోజులకోసారి ఉగ్గు పోసినట్టు ఇంతింత చదివి వినిపిస్తున్నవాడిది దొంగతనం.

ఆ బావమరిది జనార్దన్, తన భార్య అప్పలమ్మకి పినతల్లి కొడుకు, బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు, ఈ దేశం వచ్చి ఆరేళ్ళు, మూడు కంపెనీలు మారాడు, మారినప్పుడల్లా ఇల్లు పెద్దదైంది, ఇప్పుడు పదకొండో అంతస్తు, కింద ఈతకొలను, నూకరాజు వచ్చి పదిహేడేళ్ళు, ఒకటే షిప్‌యార్డు, ఒకటే పని, బూన్ లేలో పదిమందితో ఒకటే గది, అది పోనీ, వాడి చదువు వాడిది, వాడి ఇల్లు వాడిది, కాని రజిత ఎవరిది, రజిత ఉత్తరాలు వాడికెందుకు పోవాలి, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపుతుంది, పంచాయతీ హైస్కూల్లో పదో తరగతి దాకా తను చదివిన తెలుగు అక్కడ అక్కరకు రాదు, యార్డులో ఉక్కు ప్లేట్ల మీద సుద్దతో రాసిన ఇంగ్లీషు అక్షరాన్ని ఎంత దూరాన్నుంచైనా పోల్చుకుంటాడు, వాటిని వరసగా పేర్చి మాట చేయాలంటేనే చచ్చేంత పని, అందుకని జనార్దన్ చదవాలి, తను వినాలి, తన కూతురు ఏం తిన్నదో తనకి వాడు చెప్పాలి.

ఈ మధ్యాహ్నం కూడా అంతే, తలుపు తీస్తూనే జనార్దన్ పెళ్ళాం అరుణ, రండన్నయ్యా, చేపల పులుసు చేసేను, మా వదిన చేసినట్టుంటాదో లేదో, అంది, వాళ్ళ పాప చాందిని సోఫాలోంచి, అంకుల్, దట్ సీట్ ఐ చోప్ ఆల్రెడీ లా, అంది, ఎనిమిదేళ్ళ పిల్ల కూడా తన చోటు తను పట్టుకుంటుంది, నూకరాజు పక్క కుర్చీలో కూర్చున్నాడు, ఏటి బావా, మొహం అలాగెట్టేవు, ఓడ మునిగిపోయిందేటి, అన్నాడు జనార్దన్, మునిగితే నీ బ్యాంకువాళ్ళే ఏడుస్తారు, నాకేటి, చదువు, అన్నాడు తను, జనార్దన్ ప్రింటు తీసిన కాగితాలు పట్టుకుని చదివాడు, నాన్నా ఎలా ఉన్నావు, మందులు వేసుకుంటున్నావా, జూలై పద్దెనిమిదిన నా ఆఖరి పరీక్ష, ప్రొఫెసర్ల ముందు నిలబడి చేసిన పనంతా చెప్పాలి, అయిపోయాక ఇంటివాళ్ళు ఆకుల కిరీటం పెడతారు, అని చదివి అక్కడ ఆగాడు, రెండో కాగితాన్ని మెల్లగా మొదటిదాని వెనక్కి జరిపాడు, అంతే బావా, అన్నాడు, అంతేనా, అంటే, అంతే, అన్నాడు, ఆ వెంటనే మాట మార్చి, జూలైలో బ్యాంకు పని మీద మిలాన్ పోతన్నాను బావా, ఒక వారం, అన్నాడు, అంతలో వాడి ఫోను మోగింది, ఆదివారమైనా వదలరు, ప్రొడక్షన్ ఇష్యూ బావా, వన్ మినిట్, అని గదిలోకి పోయాడు, కాగితాలు టీపాయి మీదే ఉన్నాయి, రెండోది జేబులోకి వచ్చింది, పులుసు తినకుండానే లేచాడు, అరుణ గుమ్మం దాకా వచ్చి, అదేటన్నయ్యా, అంటూనే ఉంది.

మిలాన్ పోతాడట, బ్యాంకు పనట, ఎవరికి చెబుతున్నాడు, ముందు వరసలో వీడు కూర్చుంటాడు, నెత్తిన ఆకులు వీడు పెడతాడు, ఫొటోలో వీడుంటాడు, రేపు ఆ ఫొటో ప్రింటు తీసి, చూడు బావా అమ్మాయి ఎంత బాగుందో అంటాడు, రజిత పిలిచింది, ఆ సంగతే రెండో కాగితంలో ఉంది, మావయ్యా నువ్వు రా, నాన్నకి చెప్పకు, అని ఉంటుంది, ఇంకేం ఉంటుంది, చెప్పకు అనడం ఆ తల్లీకూతుళ్ళకి అలవాటేగా, అప్పలమ్మ రొమ్ములో గడ్డ ముదిరి పది నెలలు మంచం పట్టింది, ఆ పది నెలలూ ఫోనులో, అమ్మ బాగుంది నాన్నా, పొలానికెళ్ళింది నాన్నా, అని కూతురు అబద్ధాలు చెప్పింది, తను చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది, అమ్మే చెప్పొద్దంది నాన్నా, అని ఏడ్చింది, అమ్మ చెప్పొద్దంటే నీ బుద్ధి ఏమైంది, పది నెలలు అమ్మను నువ్వొక్కదానివే పెట్టుకున్నావు, నాకు ఒక్కరోజు మిగల్చలేదు, అన్నాడు తను, పదకొండో రోజున బంధువులందరి ముందూ, నాకు కూతురు లేదు, నా కళ్ళబడకు, అన్నాడు, అన్న మాట వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాదు, ఆ తరవాత జనార్దన్ ఏవో దరఖాస్తులు నింపి పెట్టాడు, స్కాలర్‌షిప్ వచ్చింది, ఇటలీలో కామెరీనో అనే ఊరు, రసాయన శాస్త్రం, ఆ సంగతి కూడా తనకి పదకొండో అంతస్తులోనే తెలిసింది.

కొండ మీద ఊరట, చుట్టూ రాతిగోడ, ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర వినపడేంత ఊరు, ఊళ్ళో సగంమంది చదువుకునే పిల్లలే, మధ్యాహ్నం కొట్లన్నీ మూసి నిద్రపోతారట, రొట్టెలో ఉప్పు వెయ్యరట, రజితకి మొదట్లో గొంతు దిగేది కాదట, అద్దెకున్న ఇంటి ముసలామె చూసి పప్పు ఉడకబెట్టి ఇచ్చిందట, ఉండనిచ్చే కాగితం కోసం తెల్లారకముందే పోలీసు ఆఫీసు ముందు వరసలో నిలబడాలట, ఈజిప్టు పిల్ల, కామెరూన్ పిల్లవాడు, ఈమె, ముగ్గురూ ఒకే దుప్పటి కప్పుకుని నిలబడ్డారట, జనార్దన్ ఇది చదివినప్పుడు నవ్వాడు, తను నవ్వలేదు, పదిహేడేళ్ళుగా పర్మిట్ కాగితం కోసం వరసల్లో నిలబడ్డవాడు తను, ఆ వరస ఎలా ఉంటుందో కూతురికి చెప్పగలిగినవాడు తను, దుప్పటి కామెరూన్ పిల్లవాడిది, పప్పు ముసలామెది, ఉత్తరం జనార్దన్‌ది, ఉప్పులేని రొట్టె అమ్మే ఆ కొట్టువాడికి కూడా రజిత రోజూ ముఖం చూపిస్తుంది, నాన్నకి మాత్రం ఒక పేరా, మందులు వేసుకుంటున్నావా.

ఈషూన్ దాటింది, ఎదుటి సీటులో చీనా ముసలాయన నిద్రపోతున్నాడు, నూకరాజు కాగితం తీసి మోకాలి మీద పరిచాడు, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం, ప్లేటు మీద మార్కు చదివినట్టు, మొదటి మాటే నాన్నా, మావయ్యా అని లేదు, మళ్ళీ చూశాడు, నాన్నా అనే ఉంది, పోయిన నెల నువ్వు రాయించిన ఉత్తరం పదిసార్లు చదివాను, అమ్మ నాకు చెప్పలేకపోయింది నా కోపానికి భయపడి, అది నా తప్పు, నీది కాదు తల్లీ, ఆ రోజు అందరి ముందూ అన్న మాటకి రెండేళ్ళుగా కుమిలిపోతున్నాను, అని రాయించావు, నూకరాజు వేలు ఆగిపోయింది, ఎవరు రాయించారు, నేనా, వేలు మళ్ళీ కదిలింది, నేను దాన్ని మా అద్దె ఇంటి ముసలావిడకి ఇటలీ భాషలో చెప్పాను నాన్నా, ఆవిడ కళ్ళు తుడుచుకుంది, పరీక్ష రోజున ముందు వరసలో కుర్చీ నీ పేరున అడిగి పెట్టించాను, యూనివర్సిటీ వాళ్ళతో వీసా ఉత్తరం రాయిస్తాను, మావయ్యతో కలిసి రా, కిరీటం నువ్వే పెట్టాలి, ఆ మాట కాగితం మీద చదివాను, ఒక్కసారి నీ నోటితో వినాలని ఉంది.

అక్షరం అక్షరం చేరి మాట అవడానికి క్రాంజీ దాకా పట్టింది, చేరాక చెవులు వేడెక్కాయి, పోయిన నెల తను చెప్పిన మాట తనకి బాగా గుర్తుంది, చదువైపోతే ఎక్కడ పని దొరికితే అక్కడే ఉండమను, ఇటు రావక్కర్లేదని రాయి, అన్నాడు, అంతే, ఒక్క ముక్క, జనార్దన్ మాత్రం పావుగంట కొట్టాడు కీబోర్డు టకటకమంటూ, అరుణ వెనక నిలబడి చదివి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది, ఏటిరా అంత రాస్తన్నావు, అంటే, నీ మాటలే బావా, కొంచెం విప్పి రాస్తన్నాను, అన్నాడు, విప్పి రాశాడట, నా నోరు వీడికి ఎవరిచ్చారు, ఇప్పుడే బండి దిగి వెనక్కి పోయి, చాందిని ముందే, అరుణ ముందే, వాడి చొక్కా పట్టుకుని అడగాలి, చోవా చూ కాంగ్‌లో తలుపులు తెరుచుకున్నాయి, లేచాడు, మూసుకున్నాయి, కూర్చున్నాడు, అడిగి ఏం చెయ్యాలి, ఆ మాటలు నావి కావని రజితకి రాయమనాలా, రాస్తాడు వాడు, ఒక్క మాట మార్చకుండా రాస్తాడు, అప్పుడు ఆ కుర్చీ ఎవరిది, ఆ కుర్చీ కోసం పిలిచింది తనని కాదు, పావుగంటలో జనార్దన్ తయారుచేసిన నూకరాజుని, వాడెవడో మెత్తనివాడు, కూతుర్ని తల్లీ అంటాడు, తప్పు నాదంటాడు, రెండేళ్ళు కుమిలిపోతాడు, ఇటలీ ముసలామె వాడి కోసం కళ్ళు తుడుచుకుంటుంది, నూకరాజుకి ఇంతవరకు జనార్దన్ మీద ఉన్న కుళ్ళంతా ఆ రెండో నూకరాజు మీదికి మళ్ళింది, నా పేరు పెట్టుకుని, నా కూతురితో, నేను అనని మాటలు అని, నాకు ఎన్నడూ దొరకనిది దొరకబుచ్చుకున్నాడు, వాడిలా మాట్లాడటం అంత కష్టమా అంటే కష్టమే, నాకు రాదు, నాకు ఎవరూ ఏమీ చెప్పరు, చెబితే కదా నేనూ ఏదైనా అనడానికి, అప్పలమ్మ నాకు చెప్పలేదు, కూతురికి చెప్పుకుంది, కూతురు నాకు చెప్పదు, జనార్దన్‌కి చెప్పుకుంటుంది, అందరూ ఒకరికొకరు చెప్పుకుంటారు, నేనే ఎప్పుడూ ఆఖరున వినేవాణ్ణి.

జురాంగ్ ఈస్ట్‌లో బండి మారాడు, నిలబడే ఉన్నాడు, సీట్లున్నా కూర్చోలేదు, నా కోపానికి భయపడి చెప్పలేదట, జనార్దన్‌కి ఏం తెలుసు, ఊహించి రాశాడు, అప్పలమ్మ భయపడే మనిషి కాదు, తను తాగొచ్చిన రోజున చీపురు తిరగేసి నిలబడిన మనిషి, భయపడి ఎందుకు ఊరుకుంటుంది, ఏ రోజునో ఒక రోజు నోరు విప్పే ఉండాలి, విప్పింది, అవును, యార్డు గేటు బయట పబ్లిక్ ఫోను దగ్గర, వర్షం, వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు, రొమ్ములో గట్టిగా ఏదో తగులుతోందయ్యా, నొప్పి లేదు గాని భయంగా ఉంది, అంది, భయంగా ఉంది అన్న మాట ఆమె నోట అంతకుముందు ఎన్నడూ వినలేదు, అయినా ఆగలేదు తను, నలతలుంటే డాక్టరుకి చెప్పుకో, ఇక్కణ్ణించి నేనేటి చేస్తాను, వెనక మనుషులున్నారు పెట్టేయ్, అన్నాడు, పెట్టేసింది, తరవాతి వారం ఫోను రజిత ఎత్తింది, అమ్మ బాగుంది నాన్నా అంది, ఆ వారం నుంచి పది నెలలు, ఈ ఫోను సంగతి జనార్దన్‌కి తెలియదు, రజితకి తెలియదు, తెలిస్తే పదకొండో రోజున అంత మందిలో ఆ పిల్ల తల దించుకుని నిలబడేది కాదు, దీన్ని ఏ బావమరిదీ విప్పి రాయలేడు, పావుగంట కాదు పది రోజులు కొట్టినా రాయలేడు, రజిత వినాల్సిన మాట జనార్దన్ రాసింది కాదు, ఇది, ముందు వరసలో కూర్చుంటే కూర్చోవలసింది ఇది చెప్పడానికే, కిరీటం పెట్టకముందే చెప్పాలి, విన్నాక పెట్టనిస్తుందో లేదో ఆమె ఇష్టం, కూతురు దాచడం తరవాతి మాట, అప్పలమ్మ దాచలేదు, ఊళ్ళో డాక్టరుకంటే ముందు, కన్న కూతురికంటే ముందు, అందరికంటే ముందు అప్పలమ్మ తనకే చెప్పింది.