వాడేవారి అజాగ్రత్త

“సంతకమే కదా, పెట్టేసి రా. నువ్వు కాదంటే ఆపేస్తారా ఏంటి?” అన్నాడు మా ఆయన, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే.

పద్దెనిమిదేళ్లుగా ఆసుపత్రిలో నర్సుని. మందుల బండి మీద, ఇచ్చిన మందులు నమోదు చేసే కంప్యూటర్ తెర మారుస్తామని, కొత్తది మాతో కలిసే తయారుచేస్తామని ఒక డిజైనర్ వచ్చాడు. మాటిమాటికీ ఎదురయ్యే ఒక్కో ఇబ్బందికీ ఒక్కో కార్డు. పైన దానికో పేరు, కింద అది ఎప్పుడు వస్తుందో, ఏం చేస్తే తీరుతుందో, ఏ కార్డులతో దానికి చుట్టరికమో. అన్నీ కలిస్తే ప్యాటర్న్ భాష అట, మేమూ ఆయనా మాట్లాడుకోగలిగిన భాష. మీ మాటల్లోనే రాయండి సిస్టర్ అన్నాడు. నన్నెవరైనా అలా అడిగి ఎన్నేళ్లయిందో, పొంగిపోయాను. ఆరు వారాలు డ్యూటీ దిగాక కూర్చుని రాశాను. ఆలస్యమైనప్పుడల్లా అత్తగారు గడియారం చూసి, “పేకాట అయిందా అమ్మా?” అనేవారు.

నా కార్డుల్లో ముఖ్యమైనదాని పేరు ‘చేతులు ఖాళీ లేవు’. రోగిని రెండు చేతులా పట్టుకుని లేపుతుంటే తెర మూసుకుపోతుంది. మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లేసరికి, ఇచ్చిన మందు అందులో నమోదైందో లేదో తెలిసి చావదు. ఒకసారి అలాగే ఒక పెద్దాయనకు అదే మాత్ర రెండోసారి ఇవ్వబోయి, నోటి దాకా వెళ్లాక ఆగాను. సిగ్గు విడిచి ఆ సంగతీ రాశాను. మెడలో బ్యాడ్జీ తాకిస్తే వదిలిన పేజీయే తెరుచుకోవాలి. నేనడిగింది అంతే.

నిన్న అచ్చయిన కార్డుల కట్ట వచ్చింది. నా కార్డు పేరు ‘వాడేవారి అజాగ్రత్త’ అయింది. మేం తెర తెరిచి వదిలేసి పోతున్నామట; పరిష్కారం, అది అర నిమిషానికే మూసుకోవాలట. పైగా, వాడేవాళ్లను అడిగే చేశామని రాసిన కాగితం కింద వార్డు తరఫున నా సంతకం కావాలట.

ఒళ్లు మండిపోయింది. ఇంట్లోనూ ఇదే వరస. నడుం లాగేస్తోందంటే, పని ఒక పద్ధతిలో చేసుకోవడం రాదంటారు అత్తగారు. కాస్త చెయ్యి వెయ్యమంటే, ముందే చెప్పొద్దా అంటాడు మా ఆయన. నా కష్టం ఎవరి చెవిన పడినా నా తప్పై బయటికొస్తుంది. ఇంట్లోవాళ్లే నయం, నన్ను పిలిచి కూర్చోబెట్టి అడగలేదు. ఆ డిజైనర్ ఆరు వారాలు తియ్యగా అడిగి మరీ చేశాడు.

చొక్కా సగంలో వదిలేసి డ్యూటీకి వెళ్లాను.

మధ్యాహ్నం మీటింగులో, నా కార్డు పేరెందుకు మార్చారని డిజైనర్‌ని అడిగాను.

“భావం అదే కదా సిస్టర్. పైవాళ్లకు అర్థమయ్యేలా సర్దాం.”

“ఆ పెద్దాయన సంగతేదీ?”

అది రిపోర్టులో ఇమడలేదన్నాడు. పెన్ను నా వైపు జరిపాడు. ఈ కాగితం పూర్తయితేనే సోమవారం అన్ని వార్డులకూ కొత్త తెర వెళ్తుందట, లేకపోతే ఆగిపోతుందట. నా సంతకానికి అంత బలముందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

పెన్ను తీసుకున్నాను. ‘వాడేవారి అభిప్రాయం’ అన్న గడిలో, తాపీగా రాశాను: “అడిగారు, చెప్పాను. ఇది నేను చెప్పింది కాదు. ఈ తెరను రోగి దగ్గరికి తేవద్దు.”

కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను.