స్త్రీల వైపు గుమ్మం

పోర్ట్‌బ్లెయిర్‌కి సముద్రపు పాయ అవతల ఉన్న బాంబూఫ్లాట్ జెట్టీ నుంచి పైకి వెళ్లే రోడ్డు పక్కన తెలుగువాళ్లు చెక్కలతో, రేకులతో కట్టుకున్న చర్చికి రెండు గుమ్మాలుండేవి. ఒకటి మగవాళ్లకి, ఒకటి ఆడవాళ్లకి. మగవాళ్ల గుమ్మం దగ్గర ఎవరో ఒకరు వాలంటీరుగా నిలబడేవారు. ఆడవాళ్ల వైపు ఎవరూ ఉండేవారు కాదు. డెబ్బయ్యో దశకం మొదట్లో కొత్తగా వచ్చిన పాస్టరుగారు గవరమ్మను పిలిచి, "అమ్మా, ఆ గుమ్మం ఇకమీదట మీరు చూసుకోవాలి" అన్నారు.

"నానా బాబూ? నాకు సదువు రాదు కదా."

"చదువుతో పనేముందమ్మా. వచ్చినవాళ్లని నవ్వుతూ రమ్మనాలి, కూర్చోబెట్టాలి. అంతే."

గవరమ్మ భర్త పోలిరాజు ఫెర్రీ మీద ఖలాసీ. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు ఆమె కొత్త పెళ్లికూతురు. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. పిల్లలు కలగలేదు. ఆదివారం వస్తే చాలు, ఇస్త్రీ చీర కట్టుకుని, వాలంటీరు గుర్తుగా పాస్టరుగారిచ్చిన నీలం రిబ్బను గుండె మీద పిన్నుతో గుచ్చుకుని అందరికంటే ముందే చర్చికి చేరేది. చాపలు పరిచేది. వానలో వచ్చినవాళ్ల గొడుగులు అందుకుని వసారాలో వారగా ఆనించేది. చంటిపిల్లల తల్లుల్ని కిటికీ పక్కన, మోకాళ్ల నొప్పుల ముసలమ్మల్ని గోడకి ఆనుకునేలా కూర్చోబెట్టేది. అడవి పనికి వచ్చిన రాంచీ ఆడవాళ్లు ఎప్పుడైనా మొహమాటపడుతూ తొంగిచూస్తే, "ఆవో దీదీ, అందర్ ఆవో" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది. పాట అర్థం కాకపోయినా వాళ్లు తృప్తిగా కూర్చునేవారు. ఆ పనిలో ఆమెకి దొరికిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ గుమ్మంలోకి రానిది ఒక్క సీతాలే. గవరమ్మకి తోడికోడలు, పోలిరాజు అన్న జోగులు భార్య.

రెండేళ్ల కిందట సీతాలు కూతురు అరుణకుమారి పెళ్లి ఈ చర్చిలోనే జరిగింది. చిన్నప్పటి నుంచి అరుణకి సగం అన్నం, సగం నిద్ర గవరమ్మ ఇంట్లోనే. అందుకే పెళ్లికూతురికి ముసుగు వెయ్యడానికి గవరమ్మ హక్కుగా చెయ్యి చాపింది. సీతాలు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వొద్దు గవరీ. పిల్లలున్నోలెవలైనా ఎయ్యాల" అంది. మగపెళ్లివారు విన్నారు, చుట్టుపక్కల ఆడవాళ్లంతా విన్నారు. గవరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, భోజనం కూడా చెయ్యకుండా ఇంటికి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి మాటల్లేవు. సీతాలు ఆదివారాలు ఫెర్రీ ఎక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో వేరే చర్చికి వెళ్లేది. ఆ ఫెర్రీ మీద పోలిరాజే చెయ్యి అందించి వదినని దింపేవాడు. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

జూలైలో ఒక ఆదివారం వాన దంచికొడుతోంది. గవరమ్మ గొడుగులు సర్దుతుంటే అరుణకుమారి చంటిబిడ్డతో మెట్లెక్కి వచ్చింది. ఆమె భర్త చలపతి బ్రూక్షాబాద్‌లో టీచరు. అతను మగవాళ్ల వైపు వెళ్లాడు.

"పిన్నీ, ఇయాల బాబుకి బాప్తిస్మం. నేను పుట్టి పెరిగిన చర్చిలోనే చేయించాలని జిద్ చేశాను."

గవరమ్మ బిడ్డ ముఖం మీది తడి కొంగుతో తుడిచింది. "మీ అమ్మేది?"

"అదిగో, రోడ్డు మీదే నిలబడిపోయింది. రమ్మంటే రాదు. నువ్వే పిలు పిన్నీ."

రోడ్డుకి అవతల గొడుగు కింద సీతాలు తల వంచుకుని నిలబడి ఉంది. పిలవకుండా ఊరుకున్నా ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ గుమ్మం దగ్గర నిలబడటం మొదలుపెట్టాక ఆమె ఎవర్నీ బయట వదిలెయ్యలేదు. గొడుగైనా తీసుకోకుండా వానలోకి దిగింది.

"అక్కా, రా. తడిసిపోతన్నావు."

"నాకు లోపలెందుకులే. ఇక్కడికే ఇనిపిస్తాది."

"ఇనిపించదు. రేకుల మీద వాన పడతంది."

సీతాలు పెదవి కొరుక్కుంది. "ఆ దినం నాను అన్న మాట..."

"నాకు గుర్తుంది" అంది గవరమ్మ. "మర్సిపోనానంటే అబద్ధం. అయినా నువ్వు రా. మనవడి బాప్తిస్మం రోడ్డు మీద నిలబడి సూస్తావా?"

సీతాలు రోడ్డు దాటి ఆమె వెంట వచ్చింది. గవరమ్మ ఆమెని ముందు వరసలో, అరుణ పక్కన కూర్చోబెట్టి తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చింది. చీర ఒంటికి అతుక్కుపోయి చలి పుట్టింది. అయినా మనసు మాత్రం తేలిగ్గానే ఉంది.

రెండో పాట అయ్యాక పాస్టరుగారు బిడ్డను తీసుకురమ్మన్నారు. అక్కడి అలవాటు ప్రకారం అమ్మమ్మే బిడ్డను ఎత్తుకుని వెళ్లాలి. సీతాలు బిడ్డను ఎత్తుకుని లేచింది. పాస్టరుగారి వైపు కాకుండా వెనక్కి తిరిగి, చాపల మధ్య నుంచి నడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. చర్చి అంతా తల తిప్పి చూసింది.

"ఇంద, నువ్వు తీసుకెల్లు" అంది.

"నానా? అమ్మమ్మవి నువ్వు కదా."

"అందరి ముందు అన్నాను ఆ మాట. అందరి ముందే నువ్వెత్తుకోవాల గవరీ."

గవరమ్మ రోడ్డు వైపు చూసింది. "ఫెర్రీ ఒచ్చే టైమయ్యింది. దిగినోలంతా వొస్తారు. గుమ్మం ఎవలు సూస్తారు?"

"నాను సూస్తాను. ఆ రిబ్బను ఇలగియ్యి."

గవరమ్మ రిబ్బను తీసి ఆమెకిచ్చి, బిడ్డతో నడిచింది. రెండు వైపులా ఉన్న ముఖాలేవీ ఆమెకి కనిపించలేదు. బిడ్డ బరువు, వాడి తల నుంచి వచ్చే కొబ్బరినూనె వాసన, అంతే తెలిసింది.

"బిడ్డ పేరేమిటమ్మా?" అని అడిగారు పాస్టరుగారు.

గవరమ్మ తెల్లబోయింది. ఆ పేరు తనకెవరూ చెప్పలేదు. అరుణ వెనక నుంచి "ప్రభుదాస్, పిన్నీ" అని గుసగుసలాడింది.

"ప్రభుదాసు బాబూ" అంది గవరమ్మ గట్టిగా.

సరిగ్గా పాస్టరుగారు నీళ్లలో వేళ్లు ముంచుతుంటే గుమ్మం దగ్గర తడి గొడుగులతో వచ్చినవాళ్ల మీద సీతాలు గొంతు ఖంగుమంది. "అరే, ఛాతా లోపలికా? బయటెట్టండి! జల్దీ, జల్దీ కూకోండి!"

చర్చి అంతా ఘొల్లున నవ్వింది. పాస్టరుగారు కూడా ఆగి, నవ్వు ఆపుకుని, అప్పుడు బిడ్డ తల తడిపారు. వాడు ఏడవలేదు. గవరమ్మ మాత్రం ఏడ్చింది, నవ్వుతూనే.

ఆ మధ్యాహ్నం అందరూ జోగులు ఇంట్లో చేపల పులుసుతో భోంచేశారు. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుని ఫెర్రీ ఇంజను గురించి మాట్లాడుకున్నారు. వంటింట్లో గవరమ్మ వడ్డిస్తూ, "నవ్వుతూ రమ్మనాల అక్కా, అలగ కసరకూడదు" అంది.

"తడి గొడుగులు లోపలికి తెస్తే నవ్వమంటావేటి?" అంది సీతాలు. ఆమె విస్తట్లో గవరమ్మ ఇంకో చేపముక్క వేసింది.